స్పానిష్ ‘సె’, తెలుగు ‘కొను’: లెబంతార్సె ఎలా నడుస్తుంది?

డాలస్ నుంచి ఒకావిడ ఇక్కడ అడిగిన ప్రశ్న: వాళ్ళ పాప స్కూల్లో స్పానిష్ తీసుకుంది. ‘లేస్తాను’ అనడానికి ‘మె లెబాంతొ’ అనాలట. ‘మె’ అంటే ‘నన్ను’ కదా, పొద్దున్నే ఎవరైనా ‘నన్ను నేను లేపుకుంటాను’ అంటారా, ఈ మె, తె, సెలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి అని పాపకి టెన్షన్. టీచరు ఇంగ్లీషులో చెప్పిన వివరణ ఇంకా గందరగోళపెట్టిందట.

అమ్మా, ఇంగ్లీషు దారిలో వెళ్తే ఇది కష్టమే. ఇంగ్లీషులో ఈ పని చేసే ముక్క క్రియకి అంటుకుని ఉండదు. తెలుగులో ఉంది, రోజుకి వందసార్లు వాడతాం. అదే ‘కొను’. కడుక్కోవడం, దువ్వుకోవడం, తోముకోవడం, వేసుకోవడం, పడుకోవడం. పాపకి ఇంట్లో తెలుగు వినబడుతుంటే సగం పాఠం వచ్చేసినట్టే.

స్పానిష్ మాటల్ని లాటిన్ అమెరికా పలుకుబడిలో తెలుగు లిపిలో రాస్తున్నాను. ఊనిక పడేచోట, అంటే నొక్కి పలికేచోట, దీర్ఘం పెట్టాను. పుస్తకంలో ‘వి’ అక్షరం ఉన్నచోట ఇక్కడ ‘బ’ కనిపిస్తే కంగారు పడకండి, వాళ్ళు పలికేది అలాగే.

ముందు చేతుల సంగతి చూద్దాం. ‘చేతులు కడుక్కున్నాను’ అంటాం. ఎవరి చేతులు? నావే. ‘నా’ అని విడిగా చెప్పం, ‘కొను’ చెప్పేసింది. స్పానిష్‌లో ‘మె లబే లస్ మానొస్’. ఇక్కడా ‘నా చేతులు’ అన్న మాట లేదు, ఉత్త ‘చేతులు’. ఎవరివో ‘మె’ చెప్పేసింది. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు ‘మిస్ మానొస్’ అని రాసి మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. అదే పాపకి అమ్మ కడిగితే మనం ‘పాపకి చేతులు కడిగాను’ అంటాం, కొను ఎగిరిపోతుంది. వాళ్ళు ‘లె లబే లస్ మానొస్ అ ల నీన్య’ అంటారు, మె పోయి ‘లె’ వస్తుంది. ఆ లె అంటే ‘పాపకి’ అన్నమాటే. పళ్ళు తోముకున్నాను: మె సెపియే లొస్ దియేంతెస్. చొక్కా వేసుకుంటాను: మె పోంగొ ల కమీస. (ఈ కమీసకీ మన కమీజుకీ చుట్టరికం ఉంది.)

ఇప్పుడు రూపాలు. ‘లెబంతార్’ అంటే లేపడం, ఎత్తడం. ‘లెబంతార్సె’ అంటే లేవడం. నేను మె లెబాంతొ, నువ్వు తె లెబాంతస్, అతను లేదా ఆమె సె లెబాంత, మేము నొస్ లెబంతామొస్, వాళ్ళు సె లెబాంతన్. మేము, మనం తేడా వాళ్ళకి లేదు. స్పెయిన్‌లో చనువున్న నలుగురితో మాట్లాడేటప్పుడు ఒస్ లెబంతాయిస్ అంటారు. లాటిన్ అమెరికాలో ఆ రూపం నిత్య వాడుకలో లేదు, అక్కడ నలుగురితో అయినా సె లెబాంతన్. అమెరికా స్కూళ్ళలో చాలాచోట్ల ఈ ‘ఒస్’ని పరీక్షల్లో అడగరు కూడా.

ఇక్కడ తెలుగుకీ స్పానిష్‌కీ ఉన్న ముఖ్యమైన తేడా చెప్పాలి. కడుక్కున్నాను, కడుక్కున్నావు, కడుక్కున్నాడు అన్నప్పుడు మన కొను అందరికీ ఒకటే, చివరి ప్రత్యయం మాత్రం మారుతుంది. స్పానిష్‌లో క్రియ చివరా మారాలి, ముందున్న ముక్కా మారాలి, రెండూ ఒకే మనిషిని చూపాలి. మె ఉంటే క్రియ నేనుకి, తె ఉంటే నువ్వుకి. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది నిఘంటువులో లెబంతార్సె అని ఉంది కాబట్టి ఆ సెని ఎక్కడికైనా అలాగే మోసుకెళ్ళడంలో. ‘బోయ్ అ లెబంతార్సె’ అంటారు. తప్పు. లేవబోయేది నేను కాబట్టి ‘బోయ్ అ లెబంతార్మె’. తోకలో ఉన్నా సరే, ఆ ముక్క మనిషిని బట్టి మారాల్సిందే. పాప దీని మీద ఒక సాయంత్రం గడిపితే చాలు, మిగతా పట్టికలన్నీ తేలికవుతాయి.

‘మీరు’ అని గౌరవంగా పిలిచేటప్పుడు? ‘ఉస్తేద్’ వాడతారు, దానికి తె కాదు, సె రావాలి: ఉస్తేద్ సె లెబాంత. ఎదుటి మనిషితో మాట్లాడుతూ ‘అతను’ రూపం ఎందుకు? ఉస్తేద్ పుట్టింది ‘బ్వేస్త్ర మెర్సేద్’ నుంచి, అంటే ‘తమ దయ’ లాంటి మర్యాద మాట. ‘అయ్యగారు కూర్చుంటారా’ అని ఎదురుగా ఉన్నాయన్నే అడిగినట్టు. పలుకుబడిలో అరిగి అరిగి సర్వనామం అయిపోయింది, వ్యాకరణం మాత్రం పాతదే మిగిలింది. అందుకే చనువుగా ‘కూర్చో’ అంటే సియేంతతె, ‘కూర్చోండి’ అంటే సియేంతెసె.

ఆ ముక్క ఎక్కడ కూర్చుంటుందన్నది త్వరగా చెప్పేస్తాను. మామూలు క్రియకి ముందు విడిగా. ‘చెయ్యి’ అనే ఆజ్ఞకి వెనక అంటుకుని: లెబాంతతె. ‘వద్దు’ అన్నప్పుడు మళ్ళీ ముందుకి: నో తె లెబాంతెస్. రెండు క్రియలు కలిసి వస్తే రెండు చోట్లా కుదురుతుంది. ‘బోయ్ అ లెబంతార్మె’ అన్నా ‘మె బోయ్ అ లెబంతార్’ అన్నా ఒకటే. ‘లేస్తున్నాను’కి కూడా అంతే, ‘ఎస్తోయ్ లెబంతాందొమె’, ‘మె ఎస్తోయ్ లెబంతాందొ’. మధ్యలో మాత్రం ఇరికించకూడదు.

మూలంలో అచ్చు మారే క్రియలు ఈ గుంపులో చాలా ఉన్నాయి కాబట్టి అదొక తలనొప్పి. అకొస్తార్సె (పడుకోవడం) మె అక్వేస్తొ అవుతుంది, నొస్ దగ్గర మాత్రం అకొస్తామొస్ అని పాత అచ్చే. దెస్పెర్తార్సె (మేలుకోవడం) మె దెస్పియేర్తొ. బెస్తీర్సె (బట్టలు వేసుకోవడం) మె బీస్తొ. వీటిలో నాకు ఎంతో ఇష్టమైన ముడి ‘మె సియేంతొ’. సెంతార్సె అంటే కూర్చోవడం, సెంతీర్సె అంటే ఒంట్లోనో మనసులోనో ఎలా ఉందో చెప్పుకోవడం. నేను దగ్గర రెండూ ఒకటే రూపం. ‘మె సియేంతొ అకీ’ అంటే ఇక్కడ కూర్చుంటాను. ‘మె సియేంతొ మాల్’ అంటే నాకు బాగాలేదు. పక్కనున్న మాటే తేల్చాలి. అతని దగ్గరికి వచ్చేసరికి విడిపోతాయి, సె సియేంత కూర్చుంటాడు, సె సియేంతె అతనికి అలా అనిపిస్తోంది.

పాప అడిగిన అసలు ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. ‘నన్ను నేను లేపుకోవడం ఏంటి?’ తెలుగులో ‘పడుకో’ ముందున్న మాట, దానికి ‘పెట్టు’ చేర్చి ‘పడుకోబెట్టు’ చేశాం. కూర్చో, కూర్చోబెట్టు కూడా అంతే. మనకి సొంతంగా చేసే పని మొదటిది, ఇంకొకరి చేత చేయించేది దానికి కట్టిన మేడ. స్పానిష్‌లో కట్టుబడి తలకిందులు. అకొస్తార్ అంటే పడుకోబెట్టడం, అదే పునాది. దానికి సె తగిలిస్తే పడుకోవడం. సెంతార్ కూర్చోబెట్టడం, సెంతార్సె కూర్చోవడం. ‘అక్వేస్తొ అల్ నీన్యొ’ పిల్లాణ్ణి పడుకోబెడతాను, ‘మె అక్వేస్తొ’ నేను పడుకుంటాను. అందుకే మె మర్చిపోయి ఉత్త ‘అక్వేస్తొ’ అంటే వినేవాళ్ళు ‘ఎవర్ని?’ అని ఎదురుచూస్తారు. మె అక్కడ ‘నన్ను’ అని అర్థం చెప్పడానికి కాదు, పని బయటికి పోకుండా చేసేవాడి దగ్గరే ఆగిందని చెప్పడానికి ఉంది.

దీనికి తలుపు కన్నా మంచి సాక్ష్యం లేదు. ‘తలుపు తెరిచాను’, ‘తలుపు తెరుచుకుంది’. ‘అబ్రీ ల ప్వేర్త’, ‘సె అబ్రియో ల ప్వేర్త’. తలుపు తనని తాను తెరవడం ఉండదు కదా. అయినా మనం కొను పెట్టాం, వాళ్ళు సె పెట్టారు. మూసుకుంది, సె సెర్రో. ఏ సంబంధమూ లేని రెండు భాషా కుటుంబాలు ఇలా ఒకేచోట కలుసుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. సంస్కృతం చదివినవాళ్ళకి ఆత్మనేపదం గుర్తొచ్చే ఉంటుంది: ఋత్విజుడు వేరొకరి కోసం యజ్ఞం చేస్తే యజతి, యజమాని తన ఫలం కోసం చేయించుకుంటే యజతే. ఫలం ఎవరికి చేరుతుందన్నది క్రియ రూపంలోనే పెట్టడం. ‘పుస్తకం కొనుక్కున్నాను’లో రెండో కొను చేసే పని అదే, స్పానిష్‌లో మె కొంప్రే ఉన్ లీబ్రొ. మనకిక్కడ ఒకే ధాతువు రెండుసార్లు వచ్చింది, ఒకటి అర్థంతో, ఒకటి వ్యాకరణంగా.

ఒకరినొకరు అన్న అర్థం కూడా రెండింటిలో దీనికే ఉంది. కొట్టుకున్నారు, తిట్టుకున్నారు, చూసుకున్నారు. సె పెలెయారొన్, సె ఇన్సుల్తారొన్, సె మిరారొన్. పెళ్ళి చేసుకోవడం కసార్సె. ఒక చిన్న జాగ్రత్త, మనం ‘ఆమెను’ పెళ్ళి చేసుకుంటాం, వాళ్ళు ‘ఆమెతో’: సె కసో కొన్ ఏయా.

అయితే ప్రతి సెకీ కొను పెట్టేద్దామనుకోకండి. కొన్నిచోట్ల సెకి మనకి దొరికేది ‘పోవు’. ఈర్ వెళ్ళడం, ఈర్సె వెళ్ళిపోవడం. ‘బోయ్ అల్ మెర్కాదొ’ అంటే మార్కెట్‌కి వెళ్తున్నాను, ‘మె బోయ్’ అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతున్నాను. గుమ్మం దగ్గర మనలా ‘వస్తాను’ అనరు, ‘మె బోయ్’ అని నిక్షేపంగా చెప్పేస్తారు, అందులో అశుభం ఏమీ లేదు. కయేర్సె పడిపోవడం, మొరీర్సె చనిపోవడం, రొంపేర్సె విరిగిపోవడం, పగిలిపోవడం. ఇంకొన్నిచోట్ల సరిపోయేది ‘వేయు’. కొమీ తోర్త అంటే కేకు తిన్నాను, మె కొమీ తోద ల తోర్త అంటే కేకు మొత్తం తినేశాను. ఈ సెని ఇంగ్లీషులో చెప్పాలంటే టీచర్లు ఆపసోపాలు పడతారు. ‘తిన్నాను, తినేశాను’ తేడా తెలిసిన మనిషికి వివరించనే అక్కర్లేదు.

ఇక ‘సె మె కయో ఎల్ బాసొ’. గ్లాసు పడిపోయింది, నా చేతిలోంచే, కానీ కావాలని కాదు. సె పడిపోవడానికి, మె నాకు. అలాగే సె మె ఒల్బిదో అంటే మర్చిపోయాను. ‘మర్చాను’ అనం కదా, మర్చి‘పోయాను’ అంటాం. మనిషి చెయ్యని, మనిషికి జరిగిన పని.

కొను ఉండీ సె లేనివీ ఉన్నాయి, వాటిని బట్టీ పట్టాల్సిందే. నేర్చుకోవడం అప్రెందేర్, ఆడుకోవడం హుగార్, అనుకోవడం పెన్సార్. వీటికి మామూలుగా సె అక్కర్లేదు. తిరగేస్తే, మనం కొను వాడనిచోట వాళ్ళకి సె ఉంటుంది. ‘నా పేరు’ అనడానికి మె యామొ. ‘నాకు కోపం వచ్చింది’కి మెక్సికోలో మె ఎనొహే, స్పెయిన్‌లో మె ఎన్ఫదే. మనకి కోపం బయటినుంచి వస్తుంది, వాళ్ళు తామే కోపంలోకి మారతారు.

కామెంట్లలో ఒకరు ‘మరి మె గూస్త కూడా ఇదేనా’ అని అడిగారు. కాదండీ, ఇది చాలామందికి కలిసిపోయే చోటు. మె గూస్తలో మె అంటే ‘నాకు’. నాకు మామిడిపండు నచ్చుతుంది, మె గూస్త ఎల్ మాంగొ. మామిడిపళ్ళు నచ్చుతాయి, మె గూస్తన్ లొస్ మాంగొస్. క్రియ పండుని బట్టి మారుతోంది, తెలుగులోలాగే. గుర్తుపట్టడం సులువు. మె పక్కన క్రియ ‘నేను’ రూపంలో ఉంటే అది మన కొను బాపతు, పండునో ఇంకో వస్తువునో చూస్తుంటే నాకు, నీకు బాపతు. మూడో మనిషి దగ్గర ముక్కే మారిపోతుంది, లె గూస్త, సె లెబాంత. ‘సె లొ ది’ (అది అతనికి ఇచ్చాను) అన్నదాంట్లో సె కనిపిస్తుంది కానీ అది వేరే సె. లె, లొ పక్కపక్కన రాకూడదు కాబట్టి లె వేషం మార్చింది. పాత స్పానిష్‌లో దాని రూపమే వేరు, తర్వాత ధ్వనులు మారి సెతో కలిసిపోయింది.

మాడ్రిడ్‌లో ఉన్న తమ్ముడు అడిగింది: నలుగురు స్నేహితులతో ‘మీరు వెళ్ళిపోండ్రా’ అనాలంటే ఈదొస్ అనాలా ఈరొస్ అనాలా అని. పుస్తకంలో రూపం ఈదొస్. లెబంతాద్‌కి ఒస్ చేరిస్తే ద పోయి లెబంతాఒస్ అవుతుంది, ఈర్సెలో మాత్రం ఆ ద నిలబడింది. జనం నోట అది దాదాపు వినబడదు, ఈరొస్ అంటారు. 2017లో స్పానిష్ రాజ అకాడమీ ఈరొస్‌ని కూడా సరైనదిగా ఒప్పుకుంది. కాబట్టి ధైర్యంగా ఈరొస్ అను. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో అయితే ఒక్క స్నేహితుడితో ‘వెళ్ళిపో’ అనడానికి అసలు ఈర్సె నుంచి రూపమే తీసుకోరు, అందార్ నుంచి తెచ్చుకుని అందాతె అంటారు. అక్కడ నువ్వు అనడానికి తూ కాదు, బోస్. కానీ దాని పక్కన వచ్చే ముక్క మాత్రం తె. ‘నీ పేరేంటి’కి కోమొ తె యమాస్. పాప క్లాసులో అర్జెంటీనా పిల్లలెవరైనా ఉంటే ఈ చివరి ‘మాస్’ దీర్ఘం వినమనండి, మిగతావాళ్ళు ‘యామస్’ అంటారు.