కోర్ లేకుండా లైనర్ పోత: బోరు సైజు, స్పీడు ఎలా లెక్కేయాలి?

ప్రశ్న
అడ్డంగా తిరిగే ఇనుప మోల్డ్‌ (అచ్చు)లో గ్రే ఐరన్ (ఒక రకం పోత ఇనుము) లైనర్, అంటే సిలిండర్ లోపల వేసే గొట్టం, పోయాలి. మోల్డ్ లోపలి వ్యాసం 200 మి.మీ., పొడవు 400. మెషినింగ్ అయ్యాక బోరు (లోపలి రంధ్రం వ్యాసం) 140 రావాలి. కోర్ (రంధ్రం కోసం అచ్చు మధ్యలో పెట్టే దిమ్మె) లేనప్పుడు బోరు ఎంత వస్తుందో ముందే ఎలా తెలుస్తుంది? ఆర్‌పీఎం ఎంత పెట్టాలి?

జవాబు 1
బోరును తేల్చేది మీరు పోసే లోహం బరువేనండి. లోహం గోడ చుట్టూ సమంగా పరుచుకుంటుంది, మధ్యలో మిగిలిన ఖాళీయే బోరు. అయితే సరిగ్గా 140కి పోయకండి. చిట్టెం (కరిగిన లోహంలోని మలినం), ఆక్సైడ్లు ఇనుము కంటే తేలిక, అన్నీ లోపలి ముఖానికి చేరతాయి. ఆ పొరంతా బోరింగ్‌లో (రంధ్రాన్ని లోపలినుంచి చెక్కేటప్పుడు) పోవాలి. ఒక్కో వైపు 5 మి.మీ. వదిలితే పోత బోరు 130. సాంద్రత 7.2 వేసుకుంటే దాదాపు 52 కిలోలు. ఒక్క కిలో తగ్గినా గోడ మందం 0.85 మి.మీ. దాకా పడిపోతుంది. కాబట్టి లోహాన్ని తూచే పోయాలి, కంటి అంచనా వద్దు.

స్పీడు విషయానికొస్తే, గోడ దగ్గర గురుత్వానికి 60 నుంచి 80 రెట్ల బలం ఉండాలి. మీ వ్యాసానికి 70 రెట్లంటే సుమారు 790 ఆర్‌పీఎం.

ప్రశ్న అడిగినవారు
ఇంకా పెంచితే పోత మరింత గట్టిగా రాదా?

జవాబు 2
రాదు. బయట అప్పుడే గట్టిపడిన పలుచని పెంకును లోపలి ద్రవం నెడుతూ ఉంటుంది. స్పీడు మితిమీరితే ఆ పెంకు పొడవునా చీలుతుంది. తగ్గిస్తే ఇంకో తంటా: పైకి వెళ్లిన లోహం నిలవక చినుకుల్లా కిందికి రాలుతుంది, బోరు గరుకుగా, గుల్లగా వస్తుంది. మోల్డ్‌ను తిప్పే రోలర్లు అరిగి అది అదురుతుంటే గోడలో పొరలు పొరలుగా పట్టీలు పడతాయి. వీటన్నిటికంటే ముందు మోల్డ్ లోపలి గోడకు పూసే కోటింగ్ చూసుకోండి. మోల్డ్‌ను 200 డిగ్రీల దగ్గరికి వేడి చేసి కోటింగ్ కొట్టాలి, అది పూర్తిగా ఆరాలి. తడి మిగిలితే ఆవిరి లోహంలోకి దూరి పిన్‌హోల్స్ (సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు) వస్తాయి. మోల్డ్ చల్లగా, కోటింగ్ పలచగా ఉంటే బయటి చర్మం తెల్ల ఇనుముగా (చాలా గట్టి, పెళుసు ఇనుము) మారుతుంది, చెక్కే టూల్ దిగదు. బోరు ముఖం గట్టిపడేదాకా తిప్పడం ఆపకండి.

జవాబు 3
నిలువు మెషిన్ దొరికింది కదా అని ఈ లైనర్‌ను అందులో పోయకండి. బోరు కింద ఇరుకుగా, పైన వెడల్పుగా వస్తుంది. ఇదే స్పీడులో 200 మి.మీ. ఎత్తుకే వ్యాసార్థంలో 4 మి.మీ. తేడా. పొట్టి రింగులకైతే పర్వాలేదు.

తర్వాత లెడ్ బ్రాంజ్ (సీసం కలిపిన కంచు) బుష్‌లు, అంటే షాఫ్ట్ తిరిగే గొట్టాలు, పోసేటట్టయితే, సీసం బరువు కాబట్టి చిట్టానికి ఎదురు దిశలో బయటికి పోతుంది. షాఫ్ట్ ఆనే బోరు దగ్గరే సీసం తక్కువవుతుంది. అందుకే ఆ పోతలో మోల్డ్‌ను నీళ్లతో త్వరగా చల్లార్చాలి.