తుప్పు పట్టిన మారుతి 800: బాగు చేయించాలా, మార్చాలా?

తీరవాసి: విశాఖపట్నంలో మా నాన్నగారు 2011లో కొన్న మారుతి 800కు పదిహేనేళ్లు నిండుతున్నందున రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవలసి ఉంది. సముద్రపు గాలికి తలుపుల అడుగులూ, డ్రైవరు కాళ్ల కింది రేకూ తుప్పు తినేశాయి. రబ్బరు మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తోంది. టింకరింగ్, పెయింటింగ్‌కు 35,000 అడిగారు. ప్రతి శనివారం ఆయన ఒక్కరే ఈ బండిలో సింహాచలం ఘాట్ ఎక్కుతారు.

పాతచక్రం: బాగు చేయించండి. కుళ్లినంత మేర కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, అడుగున యాంటీరస్ట్ కోటింగ్ వేయించండి. లప్పంతో పూడ్చి రంగు కొట్టేవాడిని మాత్రం దగ్గరికి రానీయకండి.

లెక్కలగురువు: పునరుద్ధరణకు 600 ఉన్న కేంద్ర రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. అదీ ఐదేళ్లకే. ఆపైన పాత బండ్లపై వేసే హరిత పన్ను. ఇంత పోసినా అమ్మితే 35,000 తిరిగి రావు.

పాతచక్రం: అమ్మే ఉద్దేశం ఎవరికుంది? ఇలాంటి లెక్కలే విని 2019లో నా మారుతి జెన్‌ను కారుచౌకగా ఇచ్చేశాను; కొన్నాయన నేటికీ దాన్ని మా వీధిలోనే తిప్పుతున్నాడు.

లెక్కలగురువు: మీ జెన్ సాక్ష్యం కాదు. రుసుము 5,000 కాదని చూపించండి.

పాతచక్రం: కాదని ఎవరన్నారండీ?

రేకులషెడ్డు: ఈ బండికి విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బరువంతా బాడీ రేకే మోస్తుంది. బానెట్ ఎత్తి, ముందు సస్పెన్షన్ పైకొస బిగించిన చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. అది లోపలికి దిగితే బండిని తుక్కుకు ఇచ్చేయండి, దిగకపోతే బాగు చేయించండి.

తీరవాసి: నాలుగు చోట్ల పొడిచాను, దిగలేదు. అయినా మార్చడమే మేలని నాకు అనిపిస్తోంది.

పాతచక్రం: తేల్చుకున్నాక మమ్మల్ని అడగడం దేనికి? కొత్త కారు కొంటే నాన్నగారి చేతికి తాళం ఇస్తారా? ముందు అది చెప్పండి.

తీరవాసి: మా ఇంటి సంగతిలో మీ జోక్యం అనవసరం.

రేకులషెడ్డు: ఆయన అడిగినదానిలో తప్పు లేదండీ. ఒక్కరే ఘాట్ ఎక్కుతారని రాసింది మీరే.

తీరవాసి: ఇవ్వను. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. నడపవద్దని చెప్పే ధైర్యం లేక, ఆ మాట బండి మీద పెట్టి చెప్పాలనుకున్నాను. ఎడమ తలుపు తుప్పు కూడా గాలి వల్ల మొదలైనది కాదు. రెండేళ్లలో మూడుసార్లు మా గేటు స్తంభానికి గీసుకున్న చోటే అది.