‘కుండబద్దలు కొట్టినట్టు’ చెప్పడమంటే తిట్టడమేనా?

ప్రశ్న: టీవీ పాటల పోటీల ప్రోమోల్లో ఒక జడ్జిని ‘కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి’ అని గొప్పగా పరిచయం చేస్తుంటారు. తీరా చూస్తే, వణుకుతూ నిలబడ్డ పిల్లతో ‘నీ గొంతు పాటకు పనికిరాదు, వేరే పని చూసుకో’ లాంటి మాటలు వినిపిస్తాయి. ఈ నుడికారానికి ఇలాంటి అర్థం కూడా ఉందా? మా ఇంట్లో దీనిమీద పెద్ద వాదనే నడిచింది.

జవాబు: లేదండీ. కుండబద్దలు కొట్టినట్టు చెప్పడమంటే దాచకుండా, నాన్చకుండా, విన్నవాళ్లకు అనుమానం మిగలకుండా తేల్చి చెప్పడం. పొలం తగాదాలో పెద్దమనిషి ‘ఈ గట్టు నీది కాదు’ అంటే ఆ మాట సరిపోతుంది. దానికి ‘నీ బుద్ధే అంత’ అని తగిలిస్తే, ఆ తగిలించిన ముక్కకి మనకి వేరే పేరుంది: నోటి దురుసు. ప్రోమోలు రాసేవాళ్లు ఈ రెండిటికీ ఒకే మాట వాడేస్తున్నారు. దాంతో దురుసుగా మాట్లాడనివాళ్లు మొహమాటస్తులనీ, దురుసుగా మాట్లాడేవాళ్లే నిజాయితీపరులనీ చూసేవాళ్లకి అనిపిస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

‘తూర్పారబట్టారు’ అనే మాట కూడా ఇలాగే వాడతారు. అది కళ్లంలో పుట్టిన మాట. గాలివాటున ధాన్యం ఎగబోస్తే పొల్లు ఎగిరిపోయి గింజ కిందికి రాలుతుంది. పాటని నిజంగా తూర్పారబట్టిన జడ్జి దగ్గర చివరికి గింజ మిగలాలి కదా. ఈ పల్లవి బాగుంది, ఆ సంగతి (ఒకే పాదాన్ని కొత్తగా మార్చి పాడే తీరు) నిలబడలేదు అని రెండూ విడివిడిగా కనబడాలి.

తప్పు చెప్పడానికి తెలుగులో ఎంత మంచి వసతి ఉందో చూడండి. ‘శ్రుతి తప్పింది’, ‘తాళం జారింది’, ‘గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకలేదు’, ‘పై షడ్జం (పైస్థాయి స) అందలేదు’. వీటిలో పాడిన మనిషి ఊసే లేదు. తప్పిందల్లా శ్రుతి, జారిందల్లా తాళం. ‘నువ్వు శ్రుతి తప్పావు’ అంటే మనిషి వచ్చాడు, అయినా ఆ మాట ఈ పాటకి, ఈ పూటకి మాత్రమే. ‘నీకు శ్రుతిజ్ఞానం లేదు’ అనగానే అది ఎప్పటికీ వర్తించే మాటైపోయింది. ‘నువ్వు సింగర్‌వి కాలేవు’ అంటే ఇంకా రాని రోజుల మీద కూడా తీర్పు చెప్పేసినట్టే. ఒక పల్లవి, ఒక చరణం విని అంతదూరం వెళ్లే హక్కు ఎంత పెద్ద విద్వాంసుడికైనా లేదు.

పిలుపులో కూడా ఇంతే తేడా. ‘చూడమ్మా, ఇక్కడ ఊపిరి తీసుకున్నావు’ అన్నప్పటి అమ్మా వేరు, ‘ఏంటమ్మా ఇది?’ అన్నప్పటి అమ్మా వేరు. రెండోది విన్న పిల్ల ముఖం ఎలా మారుతుందో గమనించండి. పిలుపు ఒకటే, కానీ మొదటిది దగ్గరికి తీసుకుంటుంది, రెండోది నలుగురిలో నిలబెడుతుంది.

వ్యాఖ్య: మీరు చెప్పింది ఒప్పుకుంటాను గానీ, సంగీతం నేర్పే గురువులు తిట్టరా? మా మాస్టారు కోప్పడని రోజు లేదు. ఆ కోపం వల్లే నాకు నాలుగు వర్ణాలు (కర్ణాటక సంగీతంలో సాధనకి పాడే రచనలు) వచ్చాయి. ఈ కాలం పిల్లల్ని మరీ సుకుమారంగా చూస్తున్నామేమో.

జవాబు: మీ మాస్టారు కోప్పడ్డాక మర్నాడు మళ్లీ అదే వర్ణం పట్టించారు కదండీ. ఆ కోపానికి కొనసాగింపుగా పాఠం ఉంది. పైగా అది నాలుగు గోడల మధ్య జరిగింది. టీవీ జడ్జికి ఆ పిల్లతో మర్నాడు లేదు. పాట విని, ఒక మాట అని, తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ మాట మాత్రం ఎడిటింగ్ రూమ్‌కి వెళ్తుంది. అక్కడ జడ్జి ఓపిగ్గా వివరించిన భాగం ఉంటే నిడివి కోసం పోతుంది, ఘాటు ముక్క మిగులుతుంది. దాని వెనక విషాదపు వయొలిన్, పిల్ల కళ్ల మీద క్లోజప్, పక్కన అమ్మానాన్నల ముఖాలు. తర్వాత అదే ముక్క ప్రోమోగా, షార్ట్స్‌గా ఫోన్‌లో తిరుగుతుంది. కాలేజీలో, బంధువుల ఇళ్లలో అందరూ చూసేస్తారు. గురువు కోపంతో దీన్ని పోల్చలేం.

సాధారణంగా ఇలాంటి పోటీల్లో కెమెరా ముందు జడ్జీలని కలిసేలోపే నిర్మాణ బృందం వడపోతలు ఉంటాయి. బాగా పాడలేనివాళ్లు కూడా ఆ గది దాకా వచ్చారంటే, ఎవరో ఒకరు తెలిసే పంపించారన్నమాట. అలా పంపించి, పాడలేదని ఎగతాళి చేయడం ఇంకా అన్యాయం.

వ్యాఖ్య: ఈ దురుసు జడ్జి వేషం మనదేనా, బయటినుంచి వచ్చిందా?

జవాబు: ఇప్పుడు మనం చూస్తున్న అచ్చు మాత్రం బ్రిటన్‌లో తయారైంది. అక్కడ 2001లో వచ్చిన ‘పాప్‌స్టార్స్’ అనే టీవీ పాటల పోటీలో జడ్జిగా కూర్చున్న నైజెల్ లిత్‌గోకి పత్రికలు ‘నాస్టీ నైజెల్’ అని పేరు పెట్టాయి. అదే ఏడాది ‘పాప్ ఐడల్’ పోటీతో జడ్జిగా సైమన్ కోవెల్ వచ్చాడు. 2002లో ‘అమెరికన్ ఐడల్’ మొదలయ్యాక అతని కటువు మాటలే షోకి సగం ప్రచారమయ్యాయి. పక్కన మెత్తగా మాట్లాడే పౌలా అబ్దుల్ ఉండేది. ఒకరు కారం, ఒకరు తీపి అనే ఏర్పాటు అప్పుడే స్థిరపడింది. 2004లో ‘ఇండియన్ ఐడల్’గా ఆ ఫార్మాట్ మన దేశానికి వచ్చింది.

తెలుగు టీవీలో మాత్రం ఈ అచ్చు రాకముందే మన పద్ధతి ఒకటి ఉంది. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. బాలు గారు పాట రాసినవారి గురించి, బాణీ గురించి, రికార్డింగు నాటి ముచ్చట గురించి చెప్పి, ఆ తర్వాత తప్పు దగ్గరికి వచ్చేవారు. శ, ష, స తేడా దగ్గర, ఒత్తుల దగ్గర ఆయన పట్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తప్పుని చూసీ చూడనట్టు వదిలేయలేదు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ ఆ వేదిక మీద పాడి వచ్చినవాళ్లే. కాబట్టి కటువుగా మాట్లాడితేనే ప్రమాణాలు నిలుస్తాయనే వాదన తెలుగువాళ్ల దగ్గర నిలబడదు.

వ్యాఖ్య: ఇక్కడ తిక్కన గారి కందం ఒకటి గుర్తొస్తోంది. ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పేది:

తనువున విరిగిన యలుగుల
ననువున బుచ్చంగవచ్చు నతినిష్ఠురతన్
మనమున నాటిన మాటలు
విను మెన్ని యుపాయములను వెడలునె యధిపా

‘అతినిష్ఠురతన్’ దేనికి అన్వయించాలి? బాణపు ములుకులు పీకడానికా, మాటలకా?

జవాబు: మాటలకేనండీ. రెండో పాదం చివర ఉన్నా అర్థం మూడో పాదంలోకి నడుస్తుంది. ఒంట్లో విరిగిన ములుకుల్ని ఒడుపుగా తీసేయవచ్చు, కానీ అతినిష్ఠురంగా మనసులో నాటిన మాటలు ఎన్ని ఉపాయాలు చేసినా బయటికి రావు అని. ‘అనువున’ అన్నాక మళ్లీ ‘అతినిష్ఠురతన్’ కూడా పీకడానికే అంటే పొసగదు.

ఇంకో సంగతి. గాయపరిచే మాటలన్నీ పెద్ద గొంతుతోనే రావు. ‘ఫీల్ మిస్సయింది’, ‘కనెక్ట్ అవలేదు’, ‘మ్యాజిక్ లేదు’ లాంటివి వినడానికి మెత్తగానే ఉంటాయి. ఇంటికెళ్లాక ఆ పిల్ల ఏం సాధన చేయాలి? ఎక్కడ దిద్దుకోవాలో తెలియదు కాబట్టి, తప్పు మొత్తం తనలోనే ఉందనుకుంటుంది. ‘రెండో చరణంలో మాట మధ్యలో ఊపిరి తీసుకున్నావు’ అంటే మర్నాడు పొద్దున్నే దిద్దుకోవచ్చు.

ప్రశ్న: సరేనండీ, నేను మొదట చెప్పిన ఆ అమ్మాయికి, పాట నిజంగానే బాగాలేకపోతే, మర్యాదగానూ కుండబద్దలు కొట్టినట్టూ ఎలా చెప్పాలి?

జవాబు: నేనైతే ఇలా చెప్పమంటాను: ‘అమ్మా, నిన్ను ఈసారి తీసుకోవడం లేదు. పల్లవిలో శ్రుతి నిలబడింది. చరణం పైస్థాయికి వెళ్లేసరికి రెండుచోట్ల జారింది, అక్కడ గొంతు బిగబట్టావు. ఈ పాట ఒక శ్రుతి తగ్గించి రోజూ పాడు, అలవాటయ్యాక పెంచు. వచ్చినందుకు సంతోషం.’ మొదటి వాక్యంలోనే ఫలితం తేలిపోయింది కాబట్టి ఆ పిల్లకి అనుమానం ఉండదు. మిగతా వాక్యాలు సాధనకి పనికొస్తాయి.