అప్‌డేట్: మెడికల్ షాపులో రోజుకు ఐదు నిమిషాల పాఠం

రెండు నెలల క్రితం అడిగాను కదా, మా షాపు కుర్రాళ్లు నలుగురినీ ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టి చెబితే బుధవారానికల్లా మర్చిపోతున్నారని. ముక్కలు చేసి రోజుకొకటి చెప్పమన్నారు. అదే చేశాను.

పొద్దున షట్టర్ ఎత్తగానే ఐదు నిమిషాలు, ఒక్క విషయమే. మొదటి రోజు ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే ఇక పారేయాల్సిందే. ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తుంటే ఫ్రీజర్‌కు ఆనించి రెండు పెట్టెలు కనిపించాయి. పెట్టింది ఎవరో కాదు, నేనే! ఆ పాఠం ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

ఇంకో రోజు సెట్రిజిన్, సెర్ట్రలిన్ స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టాను. ఒకటి అలర్జీకి, రెండోది డిప్రెషన్‌కు. పేర్లు గట్టిగా చదివించాను.

అసలు పనిచేసింది పాఠం చిన్నదవడం కాదనిపిస్తోంది. రెండు రోజులాగి, మళ్లీ వారానికి అదే ప్రశ్న అడగడం. నేర్చుకున్నది ఎంత త్వరగా మర్చిపోతామో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశాడట. నాకిప్పుడు తెలిసింది.

షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే కొన్ని యాంటీబయాటిక్స్‌లాంటి మందులు ఎవరికి అమ్మామో విడిగా రాసే పుస్తకం, మాత్రం ఐదు నిమిషాలకు లొంగలేదు. డాక్టర్ పేరు, చిరునామా, పేషెంట్ పేరు, మందు, పరిమాణం అన్నీ రాయాలి, మూడేళ్లు దాచాలి. దానికి ఒక మధ్యాహ్నం ప్రిస్క్రిప్షన్లు ముందేసుకుని కూర్చోక తప్పలేదు.

ఫోన్‌లో వీడియోలు పంపమన్న సలహా నడవలేదు. నలుగురూ చూశామన్నారు, ఒక్కడే చూశాడు.