60 పడకల ఆస్పత్రి: బిల్లింగ్ కౌంటర్లకు సర్వర్ పోతోంది, సీటీ చిత్రాలు ఆలస్యం

సర్వర్‌గది:
నమస్తే అండీ. బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ, సీటీ, సీసీ కెమెరాలు, వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. స్విచ్‌లు 5, మేనేజ్డ్‌వి (సెట్టింగ్‌లు మార్చగలిగేవి) రెండే. ఉన్నట్టుండి నాలుగైదు కౌంటర్లకు సర్వర్ కనిపించదు, మిగతావి మామూలుగానే నడుస్తాయి. సీటీ స్టడీ (ఒక స్కాన్ చిత్రాలన్నీ) ప్యాక్స్‌కి (స్కాన్ చిత్రాలు దాచే సర్వర్‌కి) చేరడానికి రెండు నిమిషాలు దాటుతోంది. వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్క్‌ని విడివిడి భాగాలుగా విడగొట్టడం) చేయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్యాచ్‌ప్యానెల్:
వీల్యాన్ తర్వాత చూద్దాం, ముందు ఈ రెండూ విడివిడిగా పట్టుకోండి.

కొన్నిటికే సర్వర్ పోతోందంటే మొదటి అనుమానం దొంగ డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకి ఐపీ చిరునామాలు పంచే సర్వర్) మీద. ఎవరో వైఫై కోసం ఇంటి రౌటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టును గోడ సాకెట్‌కి కలిపి ఉంటారు. అదీ ఐపీలు పంచుతుంది, సిస్టమ్ ఎవరు ముందు పలికితే వాళ్లదే తీసుకుంటుంది. సర్వర్ పోయిన సిస్టమ్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుస చూడండి. అక్కడ మీది కాని చిరునామా ఉంటే 'ఆర్ప్ -ఏ'తో దాని మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) తీసుకుని, స్విచ్ మ్యాక్ టేబుల్‌లో వెతకండి, ఏ పోర్టు వెనక ఉందో తెలుస్తుంది. ఆ తర్వాత స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ట్రస్టెడ్, అంటే నమ్మిన పోర్టుల నుంచి తప్ప ఐపీలు పంచనివ్వని సెట్టింగ్) ఆన్ చేయండి. అసలు సర్వర్ పోర్టునీ, సర్వర్ వైపు వెళ్లే అప్‌లింక్‌నీ ట్రస్టెడ్‌గా పెట్టడం మరిస్తే ఆస్పత్రి అంతటికీ ఐపీలు ఆగిపోతాయి. దొంగ రౌటరూ కౌంటరూ ఒకే అన్‌మేనేజ్డ్ స్విచ్ మీద ఉంటే స్నూపింగ్ ఏమీ చేయలేదు. అందుకే కౌంటర్ల దగ్గరి స్విచ్ ముందు మార్చి మేనేజ్డ్‌ది పెట్టండి.

ఇక సీటీ. 512×512 పిక్సెళ్ల స్లైసు (ఒక్క చిత్రం) సుమారు అర ఎంబీ, 500 స్లైసులంటే 250 ఎంబీ. 100 ఎంబీపీఎస్ లైన్‌లో కూడా అరనిమిషం లోపు పోవాల్సిన సరుకు. రెండు నిమిషాలంటే డూప్లెక్స్ తేడా (ఒక చివర ఒకేసారి రెండు దిశల్లో పంపే ఫుల్, మరో చివర వంతులవారీగా పంపే హాఫ్) ఉందేమో చూడండి. పాత కన్సోల్‌ని (సీటీని నడిపే కంప్యూటర్‌ని) 100 ఫుల్ అని బిగించి, స్విచ్‌ని ఆటోలో వదిలితే స్విచ్ హాఫ్‌కి దిగుతుంది. పింగ్ బాగానే వస్తుంది, పెద్ద ఫైలు మాత్రం పాకుతుంది. స్విచ్ పోర్టులో లేట్ కొలిజన్‌లు (ఆలస్యంగా బయటపడే డేటా ఢీలు) పెరుగుతుంటే అదే. రెండు వైపులా ఆటో పెట్టండి. అప్పుడూ 100 దాటకపోతే క్రింపింగ్ (కేబుల్ చివర కనెక్టర్ బిగింపు) చూడాలి: గిగాబిట్‌కి 8 తీగలూ కావాలి, నీలం జతో గోధుమ జతో వదులైతే 100కి పడిపోతుంది.

డైకామ్_డెస్క్:
వీల్యాన్ చేసే రోజు సీటీని చివర్లో కదపండి, అదీ మిషన్ కంపెనీ ఇంజినీర్ ఎదురుగానే. ఏఈ టైటిల్ (డైకామ్‌లో, అంటే వైద్య చిత్రాలు పంపే పద్ధతిలో, పరికరానికి పెట్టే పేరు), ఐపీ, పోర్టు (104 లేదా 11112) రెండు వైపులా సరిపోవాలి. ఏఈ టైటిల్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కే. పింగ్ చాలదు, సీ-ఎకో (డైకామ్ కనెక్షన్ పరీక్ష) చేసి చూడండి.

అందరూ పొరపడేది సీ-మూవ్ (ప్యాక్స్ నుంచి బొమ్మలు తెప్పించే ఆదేశం) దగ్గర. డాక్టరుగారి వర్క్‌స్టేషన్‌లో పేషెంట్ పేరు వస్తుంది, బొమ్మ రాదు. ఎందుకంటే బొమ్మ పంపడానికి ప్యాక్సే కొత్త కనెక్షన్ తెరిచి వర్క్‌స్టేషన్‌కి వస్తుంది. ఫైర్‌వాల్‌లో ఆ దిశ కూడా తెరవాలి.

445 పోర్టుని (విండోస్ ఫైల్ షేరింగ్‌ది) మాత్రం సీటీ వీల్యాన్‌లోకి రానివ్వకండి. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ బ్రిటన్ ఆస్పత్రుల్లో పాకింది ఆ దారినే. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. కన్సోళ్లకి మనంతట మనం ప్యాచ్‌లు వేయలేం కాబట్టి చుట్టూ గోడ కట్టడమే దారి.

సర్వర్‌గది:
ల్యాబ్ ఎనలైజర్లకి ఐపీయే లేదండీ. వాటిని ఏ వీల్యాన్‌లో పెట్టాలి?

ప్యాచ్‌ప్యానెల్:
అవి ఆర్‌ఎస్-232 సీరియల్ (నెట్‌వర్క్ లేకుండా నేరుగా పీసీకి కలిపే పాత రకం కనెక్షన్) అయి ఉంటాయి. పక్కనున్న పీసీని ల్యాబ్ వీల్యాన్‌లో పెడితే చాలు. సీరియల్ కేబుల్ 15 మీటర్లు దాటించకండి. పీసీ మారిస్తే కామ్ పోర్టు నంబరు, బాడ్ రేటు (డేటా పంపే వేగం) పాతవే పెట్టండి. బాడ్ రేటు తప్పితే రిపోర్టులో పిచ్చి అక్షరాలు వస్తాయి.