అప్‌డేట్: ఎడ్డీ ఫోస్టర్ పేరున్న ఆ రికార్డు సంగతి తేలింది

మాంచెస్టర్‌లో ఒక పాత రికార్డుల షాపులో నాకు దొరికిన 7 అంగుళాల రికార్డు గురించి అడిగాను కదా. పాటేమో ఫ్రాంక్ విల్సన్ పాడిన ‘డూ ఐ లవ్ యూ’, లేబుల్ మీదేమో ఎడ్డీ ఫోస్టర్ అని ఉంది. ప్రింటింగ్ తప్పా, వేరే గాయకుడా అన్నది నా ప్రశ్న.

రెండూ కాదట. 1970ల్లో ఉత్తర ఇంగ్లండ్‌లో నార్తర్న్ సోల్ (అరుదైన పాత అమెరికన్ సోల్ పాటలకు డ్యాన్స్ చేసే క్లబ్బుల ఒరవడి) డీజేలు అరుదైన రికార్డు చేతికొస్తే, పోటీ డీజేలు కనిపెట్టకుండా లేబుల్ మీద కాగితం అంటించి, వేరే పేరు చెప్పి వేసేవారు. దీన్నే కవరప్ అంటారు. విగన్ పట్టణంలోని డ్యాన్స్ హాలు విగన్ కసీనోలో ఈ పాట ఎడ్డీ ఫోస్టర్ పేరు మీదే మోగింది. దొంగ కాపీలు కొట్టినవాళ్లు లేబుల్ మీద కూడా అదే పేరు వేసేశారు. నాది ఆ బాపతే. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే లేబుల్ అక్షరాల అంచులు మసకగా ఉన్నాయి.

అసలు రికార్డు 1965 నాటిది, అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ వారి ‘సోల్’ లేబుల్‌ది. ప్రెస్ అయ్యాక విడుదల ఆపేశారు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2009లో ఒక కాపీ 25 వేల పౌండ్లు దాటి పలికింది.

నా కాపీని మాత్రం అమ్మను. నకిలీదైనా అది ఆ డ్యాన్స్ హాళ్ల చరిత్రలో ముక్కే, అది నాకు అపురూపం. ఇప్పుడు 1979లో బ్రిటన్‌లో అధికారికంగా వచ్చిన టామ్లా మోటౌన్ (మోటౌన్ వారి బ్రిటిష్ లేబుల్) కాపీ కోసం వెతుకుతున్నాను. ఇలాంటి కవరప్ కథలు ఇంకేవైనా తెలిస్తే తప్పకుండా చెప్పండి.