సబ్సిడీ ఇస్తున్నా గ్యాస్ బండ ఎందుకు బుక్ చేయడం లేదు?

కట్టెలపొయ్యి: ఉజ్వల (పేద ఇళ్లకు కేంద్రం ఇచ్చే గ్యాస్) కనెక్షన్ ఉండి కూడా ఏడాదికి మూడు నాలుగు బండలతో ఆగిపోతున్న ఇళ్ల కోసం ఒక మండలంలో ప్రోత్సాహకం రూపొందించాలి. రీఫిల్‌కు ఇంకో 100 రూపాయలు కలిపితే సరిపోతుందా?

డీబీటీ లెక్కలు: వంద సంగతి తర్వాత అండీ. ముందు ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తోందో చూడండి. 2023 అక్టోబర్ నుంచి 14.2 కిలోల బండకు 300 ఇస్తున్నారు. కానీ డెలివరీ రోజు ధరంతా కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. ధర 900 అనుకుంటే, కూలి డబ్బుతో నడిచే ఇల్లాలికి అది 600 బండ కాదు, 900 బండే. 2024లో ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచితమన్నప్పుడూ మొదట ఈ పద్ధతే: ముందు కట్టు, 48 గంటల్లో ఖాతాలో వేస్తాం అని. ఉజ్వల మొదట్లో ఇంకా ఘోరం. పొయ్యి, మొదటి బండ అప్పుమీద తీసుకున్నవాళ్లకు ఆ వాయిదాలు రీఫిల్ సబ్సిడీలోంచే కోసేవాళ్లు. సబ్సిడీ కంటికే కనపడకపోతే మళ్లీ ఎందుకు బుక్ చేస్తారు? 2018లో ఆరు రీఫిల్స్ వరకు ఆ కోత వాయిదా వేశారు. మీ వంద కలిపితే, బిల్లులోనే తగ్గించి వసూలు చేయించండి.

పాస్‌బుక్: పై మాటకు ఒకటి కలుపుతాను. సబ్సిడీ, ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాకే వెళ్తుంది. ఉపాధిహామీకి ఒకటి, పొదుపు సంఘానికి ఒకటి ఉన్నవాళ్లు పాత ఖాతా చూసుకుని 'రాలేదు' అంటారు. ముందు మై ఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అంటే ఆధార్‌కు ఏ బ్యాంకు లింకైందో, తీయించండి. మెసేజ్ కూడా తెలుగులో, 'గ్యాస్ డబ్బు 300, ఫలానా బ్యాంకులో పడింది' అన్నట్టుండాలి. లేకపోతే అది ఏ డబ్బో ఎవరికీ తెలియదు.

పత్తికట్టె: సీజన్ మరచిపోతున్నారు. పత్తి ఏరడం అయ్యాక చేలో కట్టె ఊరికే దొరుకుతుంది, అప్పుడు ఎంత రాయితీ ఇచ్చినా బండ కదలదు. కట్టె తడిసే వానాకాలంలో ఇవ్వండి. ఒకేసారి 900 తీయలేని ఇంటికి 5 కిలోల బండ చూపండి, ఉజ్వల సబ్సిడీ దానికీ దామాషాలో వర్తిస్తుంది. ఇంకొకటి, 'ఈ నెలాఖరులోగా' అని గడువు పెడితే చివరి వారం బుకింగ్‌లు ఎగబాకుతాయి, కొన్ని బండలు టీ కొట్టుకు చేరతాయి. కాబట్టి బుకింగ్‌ల సంఖ్య కాదు, ఇంటింటికీ రెండు రీఫిల్స్ మధ్య ఎన్ని రోజులో రాసుకోండి.